నీళ్లలోకి దిగేముందు, ఘాటీ ఎక్కేముందు



మన్యంలో ఎవరినడిగినా చింతపల్లి లంబసింగి దాటాక వస్తుందంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం పోలీసు ఠాణా మీద పడి తుపాకులు పట్టుకుపోయిన చింతపల్లి అది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాలు, చలికాలం పొద్దెక్కినా విడవని పొగమంచు. అదే మీరు భోగాపురం వైపు వెళ్లి అడగండి, చింతపల్లి అంటే సముద్రం ఒడ్డు ఊరంటారు. విజయనగరం జిల్లా, పూసపాటిరేగ మండలం. నీళ్లలో దాగిన రాళ్లకు ఓడలు కొట్టుకోకుండా అక్కడ 1847లోనే దీపస్తంభం కట్టారు. ఆ తీరానికి కాస్త దూరంలో, నీటి అడుగున, ఒక పాత ఓడ శిథిలం పడి ఉంది. దాన్ని చూడటానికి వీపున గాలి సిలిండర్ కట్టుకుని మనుషులు దిగుతున్నారు. ఋషికొండలో, మంగమారిపేటలో కూడా ఈ స్కూబా డైవింగ్ సాగుతోంది.

నేను ఈ డైవింగ్ నేర్పే మనిషిని. ఈమధ్య మా దగ్గరికి వస్తున్నవాళ్లలో కొండ చింతపల్లి, పాడేరు, అరకు వైపు కుర్రాళ్లు కూడా కనిపిస్తున్నారు. గెడ్డల్లో ఈది పెరిగినవాళ్లు. నీళ్లంటే భయం లేదు. ఈ ప్రసంగం వాళ్ల కోసం. నీళ్లలో దిగేముందు ఆ సామాను ఎలా చూసుకోవాలో చెబుతాను. కొండ మీద ఇల్లున్నవాళ్లు మాత్రమే చూసుకోవాల్సింది ఇంకొకటుంది, అది ఏ జాబితాలోనూ పెద్దక్షరాల్లో రాసి ఉండదు. దాని సంగతికి తర్వాత వస్తాను.

ఈత వచ్చినవాడికి డైవింగ్ సులువేనని చాలామంది అనుకుంటారు. సగం నిజం. ఈతలో మీ ఊపిరి మీ చేతిలో ఉంటుంది. డైవింగులో అది ఒక రబ్బరు గొట్టం చేతిలో ఉంటుంది. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గన్యా అనే ఇంజనీరు కలిసి ఆ గొట్టానికి తగిన రెగ్యులేటర్ తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసు మీద నడిపేవారు. అందుకోసం గన్యా చేసిన కవాటమే దీనికి మూలం. ఇంజను పీల్చినంతే గ్యాసు వదిలే కవాటాన్ని, మనిషి పీల్చినంతే గాలి వదిలేలా మార్చారు. ఎనభై ఏళ్లు దాటినా పద్ధతి అదే.

సిలిండర్లో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 200 రెట్లు. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, అందులో 2,200 లీటర్ల గాలి పడుతుంది. మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. ఒడ్డున కూర్చుంటే ఆ గాలి నూట పది నిమిషాలు వస్తుంది. కానీ నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి ఒక బార్ పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో గాలి రెండింతలు ఖర్చు, 20 మీటర్ల దగ్గర మూడింతలు. నూట పది నిమిషాలు కాస్తా ముప్పై ఆరు అవుతాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, ఇప్పుడే పనికొస్తుంది.

సామాను అద్దెది. నిన్న దాన్ని ఎవరు వేసుకున్నారో, ఉప్పు కడిగారో లేదో, రెగ్యులేటర్ బిగించిన కుర్రాడు రాత్రి సరిగ్గా నిద్రపోయాడో లేదో మీకు తెలీదు. "డబ్బు కట్టాం కదా, వాళ్లే చూసుకుంటారు" అనే మాట పడవ మీద రోజూ వింటాను. వాళ్లు చూస్తారు. కాని వాళ్లు పదిమందికి చూడాలి, మీరు ఒక్కరికి చూస్తే చాలు. మిరియాలు కోసేవాడు చెట్టుకు ఆనించిన నిచ్చెనను కుదిపి చూడకుండా ఎక్కడు, ఆ నిచ్చెన స్వయానా అన్న పెట్టిందైనా సరే. ఇక్కడా అంతే.

డైవింగులో ఇద్దరిద్దరుగా దిగుతారు. మీ జోడీని బడ్డీ అంటారు. ఎవరి సామాను వాళ్లు ఒకసారి చూసుకున్నాక, ఒకరి సామాను ఒకరు చూడాలి. చేత్తో ముట్టుకుని, నోటితో పైకి చెబుతూ చూడాలి. మనసులో అనుకుంటే కుదరదు. పదిసార్లు చేసిన పనిని కన్ను చూడకుండానే చూసినట్టు నమ్మిస్తుంది. 2012లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో, కరీబియన్ తీరాల్లో 1,043 మంది డైవర్ల మీద ఒక పరిశీలన చేశారు. కొందరి చేతికి రాసిన జాబితా ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. జాబితా ఉన్నవాళ్లలో నీళ్లలో ఎదురయ్యే చిక్కులు 36 శాతం తగ్గాయి. అనుభవం ఉన్నవాళ్లే, సామాను అలాంటిదే. మధ్యలో ఒక కాగితం, అంతే తేడా.

వరస ఇది. జాకెట్టు, బరువులు, బకిళ్లు, గాలి, ఆఖరున తల నుంచి కాళ్ల దాకా ఒక చూపు.

జాకెట్టు అంటే మనల్ని తేల్చి ముంచే గాలి సంచి. బీసీడీ అంటారు. గాలి నింపే మీట నొక్కండి. వేలు తీయగానే గాలి ఆగిపోవాలి. ఆగకపోతే లోపల ఇసుక రేణువో ఉప్పు పెళ్లో ఉన్నట్టు. అలాంటి మీట నీళ్లలో ఇరుక్కుపోతే జాకెట్టు తనంతట తానే ఉబ్బి మిమ్మల్ని పైకి ఎగదన్నుతుంది. డైవర్‌కి అది పెద్ద ప్రమాదం, ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం. తర్వాత గాలి వదిలే మీట, భుజం దగ్గరి తాడు, నడుం దగ్గరి తాడు లాగి చూడండి. జాకెట్టును నిండుగా ఉబ్బించి రెండు నిమిషాలు పక్కన పెట్టండి. మెత్తబడితే ఎక్కడో చిల్లుంది. నోటితో ఊది నింపడం కూడా చేసి చూడండి. సిలిండర్ ఖాళీ అయినప్పుడు నీటి పైన మిమ్మల్ని తేల్చేది ఆ ఊదుడే.

జాకెట్టుకు సిలిండర్‌ను కట్టే పట్టీ సంగతి చాలామంది మరిచిపోతారు. నైలాను పొడిగా ఉన్నప్పుడు బిగించి, తడిశాక వదులై, సిలిండర్ వీపు మీద నుంచి జారిన డైవ్‌లు ఎన్నో ఉంటాయి. పట్టీని ముందే తడిపి బిగించాలి. బిగించాక జాకెట్టు పట్టుకుని మొత్తం ఎత్తి గట్టిగా ఒక్క కుదుపు కుదపండి. సిలిండర్ కదలకూడదు.

బరువుల గురించి ఎక్కువ చెప్పను. నడుముకి సీసం దిమ్మలు కడతారు. వాటి బకిల్ మీద ఇంకే పట్టీ పడి ఉండకూడదు, ఒక్క చేత్తో ఒక్క లాగుకు ఊడి కింద పడాలి. మీ బడ్డీ బరువులు ఎలా ఊడతాయో మీకు తెలిసి ఉండాలి, మీవి అతనికి. బకిళ్లు కూడా అంతే. కళ్లు మూసుకుని, బడ్డీ జాకెట్టు మీద ఒక్కో బకిల్ తడిమి చెప్పగలగాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది, మన తూర్పు కనుమల్లోనే. అక్టోబరు 22న దాన్ని బయటికి లాగారు. విశాఖ నుంచి వెళ్లిన డైవర్లు ఆ వరద నీళ్లలోకి దిగారు. అలాంటి నీళ్లలో కళ్లకు పనుండదు, వేళ్లకే పని. సముద్రం కూడా అన్ని రోజులూ అద్దంలా ఉండదు.

ఇక గాలి. తనిఖీకి పట్టే సమయంలో సగం దీనికే ఇవ్వండి. పడవ మీద ఇది ఎలా ఉండాలో చెబుతాను. అన్నదమ్ములిద్దరు బడ్డీలుగా దిగబోతున్నారనుకోండి.

"అన్నా, గాలి ఎంతుంది?"

"నూట తొంభై."

"గేజి చూస్తూ పీల్చు. ఒకటికి నాలుగుసార్లు."

అన్న పీల్చాడు. సిలిండర్ ఒత్తిడి చూపే గేజి ముల్లు నూట తొంభై బార్ల నుంచి నూట ఇరవైకి పడింది. ఊపిరి వదలగానే మెల్లగా పైకి లేచింది. మళ్లీ పీలిస్తే మళ్లీ పడింది.

"గాలి బానే వస్తోంది కదరా."

"వస్తోందిలే. ముల్లు చూడు ముందు."

తమ్ముడు సిలిండర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి తిప్పి చూశాడు. కవాటం పావు చుట్టు మాత్రమే తెరిచి ఉంది. ఎవరో సాయం చేద్దామని వచ్చి, తెరుస్తున్నాననుకుని పూర్తిగా మూసి, మళ్లీ కొంచెం వెనక్కి తిప్పాడు. ఇది డైవింగ్ పడవల మీద జరిగే పొరపాటే. ఒడ్డున గాలి సుబ్బరంగా వస్తుంది, ఎందుకంటే అక్కడ నిమిషానికి 20 లీటర్లు చాలు. 20 మీటర్ల లోతుకు వెళ్లాక ఊపిరికి మూడింతల గాలి కావాలి. పావు చుట్టు సందులోంచి అంత రాదు. అప్పుడు గొట్టం బిగదీసుకుపోతుంది. పీల్చకుండా గేజి చూస్తే నిండుగా ఉంటుంది, పీలిస్తే మాత్రం చాలినంత గాలి రాదు. మనిషి బెదిరిపోయేది అక్కడే.

పూర్వం ఒక పద్ధతి నేర్పేవారు: కవాటం పూర్తిగా తెరిచి, పావు చుట్టు వెనక్కి తిప్పమని. ఆ పావు చుట్టే ఈ తికమకకు మూలం. ఇప్పటి మాట ఏమిటంటే, పూర్తిగా తెరవండి, అక్కడే వదిలేయండి. తెరిచాక గేజి చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకూడదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు, ఇది ఒక్కటీ మరవకపోతే చాలనుకుంటాను.

సిలిండర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్య వేలి ఉంగరమంత రబ్బరు చుట్టు ఒకటుంటుంది. ఓ-రింగు అంటారు. అది చిట్లితే 200 బార్ల గాలి బుసకొడుతూ పోతుంది. ఒడ్డున ఐతే చప్పుడే, నష్టం లేదు. దిగేముందు గాలి తెరిచి, మాట్లాడకుండా ఒక్క నిమిషం చెవి పెట్టండి. సన్నగా సుయ్ మంటే దిగకండి, మార్పించండి. పసుపు రంగు గొట్టం బడ్డీ కోసం. అతని గాలి అయిపోతే దానితోనే మీ సిలిండర్లోంచి పీలుస్తాడు. దాన్ని కూడా నోట్లో పెట్టుకుని పీల్చి చూడండి. అది జేబులో ఇరుక్కునో, కిందికి వేలాడుతూ ఇసుక నిండో ఉండటం నేను చూస్తూనే ఉంటాను.

గాలిని వాసన చూడండి. నూనె కంపు, పొగ కంపు, ఏ కంపూ ఉండకూడదు. సిలిండర్లు నింపే కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం దాని ఇంజను పొగ దగ్గరే ఉంటే కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్లోకి ఎక్కుతుంది. దానికి వాసన లేదు, కానీ దాంతోపాటు వచ్చే పొగకు ఉంటుంది. ఒడ్డున తలనొప్పి కూడా రానంత మోతాదు 20 మీటర్ల లోతులో మూడింతలు పనిచేస్తుంది. అనుమానం ఉంటే ఆ సిలిండర్ వద్దనండి. డబ్బులు పోతే పోనివ్వండి.

ఆఖరున తల నుంచి కాళ్ల దాకా ఒక చూపు చూసుకుంటే సామాను అయింది, మనిషి మిగిలాడు. డైవింగ్ కేంద్రంలో ఒక ఆరోగ్య పత్రం ఇస్తారు. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్. అన్నిటికీ "లేదు" అని గీతలు గీసేసి సంతకం పెట్టడం అందరికీ అలవాటు. మన్యం వాళ్లకు నేను విడిగా చెప్పేది సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి. గిరిజన ప్రాంతాల్లో ఇది ఎక్కువ. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక ఊరూరా రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మీకు సికిల్ సెల్ జబ్బు ఉందని తేలితే డాక్టరు రాసి ఇవ్వకుండా సిలిండర్ ముట్టుకోవద్దు. ఆ లక్షణం మోస్తున్నవాళ్లు మాత్రమే ఐనా, దిగేముందు డాక్టరును అడగండి. కార్డు ఇంట్లో పెట్టి రావద్దు. జలుబు ఉంటే కూడా దిగొద్దు. లంబసింగి చలికి ముక్కు మూసుకుపోయి వచ్చినవాళ్ల చెవులు మూడు మీటర్లకే పోటు పెడతాయి. ముక్కు పట్టుకుని ఊదినా చెవి తెరుచుకోకపోతే అంతటితో ఆ రోజు డైవ్ లేనట్టే.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతి.

లోతులో పీల్చిన గాలిలో నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడికి రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరిగిపోతుంది. పైకి వచ్చాక అది ఒక్కసారిగా పోదు. గంటల తరబడి ఊపిరితో కొంచెం కొంచెం బయటికి వస్తుంది. ఈలోగా చుట్టూ గాలి ఒత్తిడి ఇంకా తగ్గితే అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. విమానం ఎక్కితే ఒత్తిడి తగ్గుతుందని అందరికీ తెలుసు, అందుకే డైవ్ చేశాక విమానం వద్దంటారు. కొండ ఎక్కితే కూడా తగ్గుతుందని ఎవరికీ తట్టదు. బీచిలో బోర్డు మీద విమానం బొమ్మ ఉంటుంది, ఘాటీ బొమ్మ ఉండదు. ఆ బోర్డు రాసినవాళ్లకు లంబసింగి తెలీదు మరి.

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే అంతర్జాతీయ సంస్థ సూచన ఇదీ. ఒకే ఒక్క మామూలు డైవ్ చేస్తే కనీసం 12 గంటలు ఆగాలి. ఒకటికి మించి చేసినా, వరసగా రెండు మూడు రోజులు చేసినా కనీసం 18 గంటలు. ఈ లెక్క 2,000 అడుగుల ఎత్తు నుంచే వర్తిస్తుంది. మన చింతపల్లి సుమారు 2,700 అడుగులు. అరకు 3,000. లంబసింగి మరికాస్త పైన. నర్సీపట్నం దాకా ఏ ఇబ్బందీ లేదు. డౌనూరు దాటి ఘాటీ ఎక్కడం మొదలైన దగ్గర్నుంచే సంగతి మారుతుంది. లంబసింగి చేరేసరికి గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదానికంటే పదో వంతు తగ్గిపోతుంది.

ఇందులో పెద్ద చిక్కు కాలం. సముద్రం నెమ్మదించి నీళ్లు తేరుకునేదీ చలికాలమే, మంచు మేఘాలు చూడటానికి జనం లంబసింగికీ, చెరువులవేనానికీ, పాడేరు పైన వంజంగికీ ఎగబడేదీ చలికాలమే. మధ్యాహ్నం ఋషికొండలో డైవ్, అర్ధరాత్రి దాటాక కారెక్కితే తెల్లారేసరికి మేఘాల మీద. చెప్పుకోవడానికి ఎంతో బాగుంటుంది. మధ్యాహ్నం మూడింటికి నీళ్లలోంచి లేచినవాడికి తెల్లవారుజామున మూడింటికి గాని 12 గంటలు నిండవు. రెండుసార్లు దిగి ఉంటే మర్నాడు పొద్దున్న తొమ్మిది దాకా కొండ ముఖం చూడకూడదు. కార్యక్రమాన్ని తిరగేయండి. ముందు కొండ, తర్వాత సముద్రం. మన్యం కుర్రాళ్లకు తిరగేసే వీలు లేదు, ఇల్లే కొండ మీద. వాళ్లు ఆ రాత్రి విశాఖలోనో నర్సీపట్నంలోనో చుట్టాలింట్లో పడుకుని వెళ్లాలి. చివరి బస్సు వెళ్లిపోతుందని పరుగెత్తడం ఆ ఒక్కరోజు మానుకోవాలి.

ఇంకో మాట, డాక్టర్లకు కూడా. డైవ్ చేసినవాడికి ఆ రాత్రో మర్నాడో భుజం, మోకాలు లోతుగా నొప్పి పెట్టినా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా, తల తిరిగినా, చర్మం మచ్చలు మచ్చలుగా కందినా, మూత్రం బిగుసుకున్నా అది బుడగల జబ్బు కావచ్చు. మన ఏజెన్సీలో ఒళ్లు నొప్పులంటే ముందు మలేరియా తడుతుంది, రక్తం తీస్తారు, మాత్రలిచ్చి పంపుతారు. తప్పు వాళ్లది కాదు, మీరు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? "నిన్న సముద్రంలో ఇన్ని మీటర్లు, ఇన్ని నిమిషాలు దిగాను" అని మొదటి మాటగా చెప్పండి. ఆక్సిజన్ పెట్టమని అడగండి, పడుకునే ఉండండి, ఇంకా ఎత్తుకు వెళ్లకండి. దీనికి అసలు వైద్యం ఒత్తిడి గదిలో జరుగుతుంది, దాన్ని రీకంప్రెషన్ ఛాంబర్ అంటారు. దగ్గర్లో అది ఎక్కడుందో డబ్బు కట్టేముందే డైవింగ్ కేంద్రాన్ని అడగండి. జవాబు చెప్పలేని కేంద్రంలో దిగకండి.

కొందరు కుర్రాళ్లు అడుగుతుంటారు, సిలిండర్ తెచ్చుకుని మన తాజంగి జలాశయంలోనే దిగితే పోలా అని. పోదు. అది మంచినీళ్లు, కొండ మీది నీళ్లు. ఉప్పునీటికి సరిపడిన బరువులు అక్కడ రెండు మూడు కిలోలు ఎక్కువై అడుక్కి లాగేస్తాయి. పైగా 300 మీటర్ల ఎత్తు దాటిన ఏ చెరువైనా డైవింగులో వేరే లెక్క, వేరే పట్టికలు, వేరే శిక్షణ. సముద్రంలో నేర్చుకున్న లోతు లెక్క అక్కడ చెల్లదు.

ఆఖరుగా, ఘాటీ మీద జీపులు, కార్లు నడిపే డ్రైవర్లకు, లంబసింగి, అరకుల్లో గదులు అద్దెకిచ్చేవాళ్లకు ఒక విన్నపం. విశాఖ నుంచి వచ్చే పర్యాటకులను బండి ఎక్కించుకునేముందు, "నిన్న గానీ ఇవాళ గానీ సముద్రంలో సిలిండర్ కట్టుకుని దిగారా?" అని ఒక్క మాట అడగండి. దిగామంటే ఎన్ని గంటలైందో కనుక్కోండి. 12 గంటలు కాకపోతే, రెండుసార్లు దిగి 18 కాకపోతే, నర్సీపట్నంలోనే ఆపి టీ తాగించండి, అక్కడే గది చూపించండి. ఘాటీ ఎక్కించకండి.